నల్లరేగడి చలి లెక్కలు

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల చలి గురించి రాస్తున్నానంటే ఎవరైనా ముందు నవ్వుతారు. మే నెల వస్తే రెంటచింతల పేరు పత్రికలకెక్కే ప్రాంతం ఇది. డిసెంబరు, జనవరి వార్తలన్నీ లంబసింగివి, చింతపల్లివి. పగలు ముప్ఫై డిగ్రీల దాకా పోయి, తెల్లవారుజామున పద్దెనిమిదికో ఇరవైకో దిగే చోట చలేమిటి? వాతావరణ శాఖ కూడా అదే మాటంటుంది. మైదానాల్లో కనిష్ఠం 10 డిగ్రీలకు పడితే తప్ప శీతలగాలి అనదు. తీరప్రాంతానికి ఆ గీత 15. ఆ కొలత పట్టుకుని చూస్తే బాపట్లకూ ఒంగోలుకూ చలికాలమే లేదు.

ఇళ్లలో పరిస్థితి వేరు. మన దగ్గర చలికి థర్మామీటరు కొబ్బరినూనె సీసా. 24 డిగ్రీల దగ్గర అది గడ్డకట్టడం మొదలుపెడుతుంది. నూనె సీసాను ఎండలో పెట్టారంటే ఆ ఇంట్లో చలికాలం వచ్చినట్టే. రాత్రి తోడేసిన పాలు తెల్లారేసరికి పెరుగు కావు. గిన్నెను బియ్యం డబ్బాలో పెట్టో, గుడ్డ చుట్టి పొయ్యి పక్కన పెట్టో తోడు పట్టిస్తారు. ముసలివాళ్ల మోకాళ్లు పలుకుతాయి, ఉబ్బసం ఉన్నవాళ్లు రాత్రంతా కూర్చునే ఉంటారు. ఇదంతా అలవాటు లేని ఒంటి సుకుమారం అని కొట్టిపారేయడానికి లేదు. భారతదేశంలో మరణాలకూ ఉష్ణోగ్రతకూ ఉన్న సంబంధం మీద 2018లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. గడగడలాడించే చలికన్నా, మండే ఎండకన్నా, ఓ మోస్తరు చలికే ఎక్కువ మరణాలు లెక్క తేలాయి అందులో. ఓ మోస్తరు చలి ఉన్న రోజులే ఎక్కువ కాబట్టి మొత్తం అలా పెరుగుతుంది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇళ్ల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో, చలి దేశాల్లోనైనా సరే ఇంటి లోపల 18 డిగ్రీలకు తగ్గకూడదంది. ఆ పద్దెనిమిది గీత సరిగ్గా మన డిసెంబరు తెల్లవారుజాము మీదుగానే పోతుంది. డాబా ఇంట్లో పడుకున్నవాడు గీతకు పైన ఉంటాడు. రేకుల కింద, కళ్లంలో, చేలో పట్టా కింద పడుకున్నవాడు కింద ఉంటాడు. కాబట్టి ఈ నేలమీద చలిని డిగ్రీలతో కొలిచేకంటే ఎవరు ఎక్కడ పడుకున్నారన్నది చూడటం మేలు.

ముందు డాబా ఇంటి సంగతి. అక్కడ చలికాలం ప్రశ్నంతా డబ్బు ప్రశ్న, ఆ డబ్బులోనూ ముఖ్యమైనవి రెండే: వేణ్ణీళ్లు, ఫ్యాను. యూరప్‌లో ఇల్లంతా వెచ్చబెట్టుకోవడానికి జీతంలో ఒక పాలు పోతుంది, బ్రిటన్ అయితే 1997 నుంచి పెద్దవాళ్లకు చలికాలపు ఇంధన భత్యమే ఇస్తోంది. మనం గదిని వెచ్చబెట్టం, వెచ్చబెట్టాల్సిన పనీ లేదు. ఒక బకెట్టు నీళ్లు వెచ్చబెడతాం. ఆ బకెట్టు ఖరీదు ఎంతో కట్టి చూద్దాం.

పదిహేను లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి 40కి తేవాలంటే యూనిట్‌లో మూడో వంతు పైచిలుకు, అంటే 0.35 యూనిట్ కరెంటు పడుతుంది. పదిహేను వందల వాట్ల హీటరు కడ్డీకి అది పద్నాలుగు నిమిషాల పని. నలుగురున్న ఇంట్లో రోజుకు నాలుగు బకెట్లు, నెలకు 42 యూనిట్లు. మన రాష్ట్రంలో 76 నుంచి 125 యూనిట్ల దాకా యూనిట్‌కు 4 రూపాయల 50 పైసలు, 225 దాకా 6 రూపాయలు, అది దాటితే 8 రూపాయల 75 పైసలు. సర్దుబాటు చార్జీలు పైన. మధ్యతరగతి ఇంట్లో వేణ్ణీళ్ల యూనిట్లు ఆరు రూపాయల మెట్టు మీద పడతాయి కాబట్టి నెలకు రెండు వందల యాభై. పెద్ద మొత్తమేమీ కాదు. బిల్లు చూసి గీజరును తిట్టేవాళ్లు తిట్టాల్సింది ఇంకోదాన్ని.

అది ఫ్యాను. మన చలికాలంలో ఫ్యాను ఆగదు. గాలి కోసం కాదు, దోమల కోసం. నిండా రగ్గు కప్పుకుని, పైన ఫ్యాను నాలుగులో పెట్టుకుని పడుకోవడం మన ఊళ్లలో చూడని ఇల్లుండదు. ముందు దోమలకు భయపడి ఫ్యాను వేస్తాం, ఆ గాలికి చలేస్తే రగ్గు కొంటాం. పాత రకం ఫ్యాను 75 వాట్లు లాగుతుంది. రాత్రికి పది గంటల లెక్కన రెండు గదుల్లో రెండు ఫ్యాన్లు తిరిగితే ఒకటిన్నర యూనిట్, నెలకు 45. నలుగురి వేణ్ణీళ్ల కరెంటు కన్నా కాస్త ఎక్కువే. మంచానికి దోమతెర కట్టి ఫ్యాను ఆపిన ఇంట్లో వేణ్ణీళ్లు ఉచితంగా వచ్చినట్టు. పైగా తెరలోపల గాలి కదలదు కాబట్టి ఒకటి రెండు డిగ్రీల వెచ్చదనం అదనం. మన ప్రాంతంలో చలికాలపు పొదుపుకు ఒక్కటే మార్గం చెప్పమంటే నేను దోమతెర పేరే చెబుతాను. తెర కింద ఊపిరాడదనేవాళ్లు తక్కువ కరెంటు తినే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను ఒకటిలో పెట్టుకోవచ్చు. ముప్ఫై వాట్లకు మించదు.

వేణ్ణీళ్ల ఖర్చులోనూ తగ్గించుకునే చోటు ఒకటుంది, బోరున్న ఇళ్లకు అది చేతిలో పనే. తెల్లవారుజామున మోటారు వేస్తే బోరు నీళ్ల మీద సన్నగా ఆవిరి లేస్తుంది, చేయి పెడితే గోరువెచ్చగా తగులుతుంది. భూమి లోతున నీటికి కాలాలు లేవు. ఏడాది పొడవునా ఆ ఊరి సగటు ఉష్ణోగ్రత దగ్గరే, మన వైపు 28 డిగ్రీల చుట్టుపక్కల, ఉంటుంది. అవే నీళ్లు డాబా మీది ట్యాంకులో రాత్రంతా మంచుకు ఉంటే ఇరవైకి దిగిపోతాయి. చాలా ఇళ్లలో సాయంత్రం ట్యాంకు నింపి, పొద్దున ఆ చల్లటి నీళ్లకు గీజరు వేస్తారు. పొద్దున్నే మోటారు వేసి నేరుగా బకెట్టు పట్టుకుంటే 28 నుంచి 40కి తేవడానికి 0.21 యూనిట్ చాలు. ఎలాగూ వేయాల్సిన మోటారే, వేళ మార్చినందుకు నూటికి నలభై పాళ్లు మిగులు. చేలో బోరు దగ్గర పొద్దున్నే తానం చేసి వచ్చే రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. సాగర్ కాలువ నీళ్లు చెరువుల్లో నింపుకుని కుళాయిలకు వదిలే ఒంగోలు లాంటి చోట ఈ కిటుకు పనిచేయదు. అక్కడ దీనికి తిరగేసిన ఉపాయం ఉంది: నల్ల ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నం రెండు మూడు గంటలకు ఎండకు వేడెక్కి ఉంటాయి. తానం సాయంత్రానికి మార్చుకోగలిగిన ముసలివాళ్లకు, చిన్నపిల్లలకు గీజరు అక్కర్లేదు.

గీజరు గురించి ఒక్క ముక్క. దాని మీద అతికించిన నక్షత్రాలు, స్విచ్ వేసి వదిలేస్తే ఇరవై నాలుగు గంటల్లో ఎంత వేడి వృథాగా పోతుందన్న లెక్కకు ఇచ్చినవి. స్విచ్ వేసి పూజకు కూర్చుని, పేపరు చదివి, పదింటికి తానానికి వెళ్లే ఇంట్లో నక్షత్రాలు చూసి కొనాలి. వేసిన పావుగంటకు వాడేసి ఆపే ఇంట్లో ఏది కొన్నా ఒకటే. ఇక హీటరు కడ్డీ వేసిన బకెట్టులో వేడి చూద్దామని చేయి పెట్టడమొకటి ఉంది. ఏటా ఈ రెండు నెలల్లో ఆ వార్త ఏదో ఒక ఊరి నుంచి రాకమానదు. స్విచ్ కట్టేసి, ప్లగ్గు పీకి, అప్పుడు చేయి పెట్టాలి.

గ్యాసు మీద కాచేవాళ్ల లెక్క చూస్తే, ఒక బకెట్టుకు 45 గ్రాములు పోతుంది. 14.2 కిలోల బండ మూడు వందల పైచిలుకు బకెట్లు కాస్తుంది. నలుగురున్న ఇంట్లో అది డెబ్భై అయిదు రోజులు, అంటే చలికాలం మొత్తం తానాలకే ఒక బండ. 2024 నవంబరు 1న మొదలైన దీపం-2 కింద ఏడాదికి మూడు బండలు ఉచితం, నాలుగు నెలలకొకటి. ఆ లెక్కన చలికాలపు ఉచిత బండ తానాల గదిలోనే అయిపోతుంది, వంటకు డబ్బు పెట్టి కొనాలి. ఈ సంగతి తెలిసే పల్లెల్లో గ్యాసును వంటకు దాచి, పెరట్లో కాగు కింద ఇప్పటికీ కట్టెలే పెడతారు.

కట్టెల కథే ఈ ప్రాంతానికి ప్రత్యేకం. సర్కారు తుమ్మ, తాటి మట్టలు, కంది కంప అన్నీ ఉన్నా, చలికాలపు పొయ్యికి అసలు సరుకు పత్తికట్టె. ఎకరాకు సుమారు టన్ను ఎండుకట్టె వస్తుంది. పెరటి పొయ్యి వేడిలో ఎక్కువ భాగం గాలికే పోయినా బకెట్టు నీళ్లకు అరకిలో పైచిలుకు చాలు. చలికాలమంతా నలుగురి తానాలకు పావెకరం పత్తికట్టె సరిపోతుంది. పైసా ఖర్చు లేదు, పీకి మోసే చేతులుంటే. మిరపకట్టె మాత్రం పొయ్యిలో పెట్టే ముందు ఒకసారి దులిపి చూడాలి. ఎండుకాయ ఒక్కటి మిగిలినా ఇంటిల్లిపాదీ దగ్గుకుంటూ బయటికి పరుగెత్తాల్సిందే.

అయితే పత్తికట్టెతో ఒక చిక్కుంది. కట్టె చేతికొచ్చేది జనవరి, ఫిబ్రవరిల్లో, కాగు కింద పెట్టేది మళ్లీ డిసెంబరులో. మధ్యలో పది నెలలు గట్టు మీదో, పశువుల కొట్టం వెనకో వామిలా పేర్చి ఉంటుంది. విచ్చుకోని గుడ్డికాయలు ఆ కట్టెనే అంటిపెట్టుకుని ఉంటాయి. ఆ కాయల్లో గింజల మధ్య గులాబీరంగు పురుగు నిద్రపోతుంది. తొలకరి పడి కొత్త పత్తి పూతకొచ్చే వేళకు రెక్కలొచ్చి, పేర్చిన చోటి నుంచి నేరుగా పక్క చేలో దిగుతుంది. 2002లో బీటీ పత్తి వచ్చాక కొన్నేళ్లు ఈ పురుగు మాటే వినపడలేదు. తర్వాత అది బీటీకి అలవాటు పడిపోయింది. డిసెంబరుకల్లా పంట ముగించండి, మోళ్లు పీకేయండి, కట్టె పేర్చి ఉంచకండి అని వ్యవసాయ శాఖ ఏటా చెబుతూనే ఉంది. చలికాలంలో వందల రూపాయల కరెంటు మిగిల్చిన కట్టె వానాకాలంలో వేల రూపాయల పురుగుమందు తాగించగలదు. నా దృష్టిలో దీనికి మధ్యేమార్గం ఒకటుంది. పావెకరం కట్టెనే ఉంచుకోవాలి, దాన్నీ కాయలన్నీ దులిపి, ఆ కాయలను కాల్చేసి, ముందా కట్టె వాడి అయిపోగొట్టాలి. మిగతాది యంత్రంతో ముక్కలు చేసి భూమిలో కలిపేయడమే. దులిపే ఓపిక లేనివాళ్లకు గీజరే చౌక.

కప్పుకునే వాటి సంగతికొస్తే, ఒక వింత ఉంది. దేశానికి దూది పంపే నేల, చలికి పాలియెస్టరు కప్పుకుంటోంది. నవంబరులో గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట రోడ్ల పక్కన కుప్పలు పోసి అమ్మే రగ్గుల్లో చౌకవి చాలావరకు పానిపట్టు సరుకు. పాత బట్టలను చింపి, దారం తీసి, మళ్లీ నేసే ఊరది. ఉన్ని మనకు ఎప్పుడూ లేదు. మన నెల్లూరు జాతి గొర్రెకు ఒంటి మీద ఉండేది వెంట్రుకే, ఉన్ని కాదు. గొంగళి పైనుంచి, రాయలసీమ నుంచో తెలంగాణ నుంచో రావాల్సిందే. కాబట్టి ఈ నేల తన వెచ్చదనాన్ని దూదిలోంచే తీసుకుంది. ఆ విద్య దూదేకులవారి చేతిలో ఉండేది. నూర్‌బాషాలని కూడా అంటారు. భుజాన పెద్ద విల్లు వేసుకుని వీధిలోకి వచ్చి, నారి మీటితే లేచే ఆ మోతకే పిల్లలు చుట్టూ చేరేవాళ్లు. అణిగి రాయిలా అయిన పరుపును విప్పి, గడ్డలు కట్టిన దూదిని విల్లుతో ఏకితే మూడింతలు పొంగేది. అదే దూది, అదే బరువు, కొత్త వెచ్చదనం. ఒంటిని వెచ్చగా ఉంచేది దూది పోగుల మధ్య ఇరుక్కుని కదలకుండా ఉన్న గాలి. పరుపు అణిగిందంటే ఆ గాలి పోయినట్టు. ఇప్పుడు విల్లు పోయి, వ్యాను మీద మోటారు మిషను తిరుగుతోంది. పని అదే. పాత పరుపు పారేసి ఫోము పరుపు కొనేముందు ఆ వ్యాను కోసం నాలుగు రోజులు ఆగడం మంచిది.

కొత్త రజాయి కుట్టించుకున్నా ఖర్చు అంత భయపెట్టేదేం కాదు. మూడు కిలోల దూదికి తొమ్మిది కిలోల పత్తి కావాలి. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటా 8,110 రూపాయలు. అంటే ఏడు వందల ముప్ఫై రూపాయల పత్తి, అందులో గింజ ఎలాగూ వెనక్కి వస్తుంది. పత్తి పండించే ఇంట్లో కూడా ఈ లెక్క వేసుకునేవాళ్లు అరుదు. పండిందంతా బోరాల్లో తొక్కి మిల్లుకు పంపడం అలవాటైపోయింది. పాత చీరలు నాలుగైదు పొరలు వేసి కుట్టే బొంతకు ఆ ఏడు వందలు కూడా అక్కర్లేదు. ఒక జాగ్రత్త ఉంది. నులక మంచం మీద పడుకునేవాళ్లు బొంతను పైన కప్పుకునేముందు కింద పరవాలి. వేసవిలో హాయిగా ఉండే ఆ అల్లిక చలికాలంలో వీపు కింద నుంచి చల్లగాలి తెస్తుంది. నాపరాళ్ల గచ్చు మీద పడుకునేవాళ్లకు చాప తప్పనిసరి. బొంతలూ పరుపులూ మధ్యాహ్నం డాబా మీద ఎండలో వేసి, పొద్దు వాలకముందే తీసేయాలి. మంచు పడ్డ దూది వెచ్చగా ఉండదు.

రేకుల ఇంటికి ఇదంతా చేసినా చాలదు. సిమెంటు స్లాబు పగలు తాగిన ఎండను అర్ధరాత్రి దాకా లోపలికి వదులుతుంది. రేకుకు ఆ నిల్వ లేదు. మబ్బులేని రాత్రి అది చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడి, తెల్లవారుజామున లోపలివైపు నీటిచుక్కలు పట్టి మంచం మీద రాలుస్తుంది. రేకు కింద జానెడు దిగువన పాత చీరలో, గోనెపట్టాలో బిగించి కడితే మధ్యలో గాలి పొర నిలుస్తుంది, చుక్కలు పడటం ఆగుతుంది. అదే వేసవిలోనూ పనికొస్తుంది. గది వెచ్చబడుతుందని తలుపులన్నీ మూసి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకోవడం మాత్రం ప్రాణాంతకం. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రలోనే పోతారు. కిటికీ లేని తానాల గదిలో గ్యాసు గీజరుకూ ఇదే మాట.

తిండి విషయంలో మనవాళ్లకు ఒక నమ్మకం ఉంది: కారం తింటే ఒళ్లు వేడెక్కుతుందని. గుంటూరు సన్నం పండే చోట ఆ నమ్మకం లేకపోతేనే ఆశ్చర్యం. మిరపలో ఉండే క్యాప్సైసిన్ నోట్లో దేన్ని తాకుతుందో 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. 43 డిగ్రీలు దాటిన వేడికి స్పందించే గ్రాహకమే అది. ఆ దారిలో చేసిన పనికి 2021లో ఆయనకు, ఆర్డెమ్ పటపూటియన్‌కు కలిపి నోబెల్ వచ్చింది. వేడి లేకుండానే కాలిందని మిరప మన ఒంటికి అబద్ధం చెబుతుంది. ఒళ్లు నమ్మి చెమట పోస్తుంది, చెమట ఆరి ఇంకా చల్లబడుతుంది. చలిరాత్రి నిజంగా పనికొచ్చేవి సజ్జరొట్టె, నువ్వులుండలు, వేడివేడి ఉలవచారు. ఒకప్పుడు ఎద్దులకు ఉలవలు ఉడకబెట్టిన నీళ్లే ఉలవచారయ్యేవి. ఎద్దుకు దాణా, మనిషికి చారు, రాత్రంతా మండిన పొయ్యి పక్కన వెచ్చటి చోటు, మూడూ ఒకే కట్టెతో. ఇప్పుడు ఎద్దులు లేవు, చారు ప్యాకెట్లో వస్తోంది.

ఇప్పటిదాకా చెప్పినదంతా గోడలున్నవాళ్ల గొడవ. ఈ మైదానంలో నిజంగా చలికి వణికేది ఇంట్లో కాదు. జనవరి నుంచి మిరప కోతలు మొదలవుతాయి. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు పిల్లాజెల్లాతో గుంటూరు, పల్నాడు పల్లెలకు దిగుతాయి. ఊరి బయట ఖాళీ స్థలంలోనో చేను గట్టునో పట్టాలతో గుడారం వేసుకుని రెండు మూడు నెలలు ఉంటాయి. పక్కనే కళ్లంలో రైతు కూడా ఆరుబయటే పడుకుంటాడు, ఎండబోసిన కాయకు దొంగల భయం. కళ్లంలో పట్టాలకు ఒక వరస ఉంటుంది. పొద్దు గుంకగానే కాయ మీద ముందు పట్టా పడాలి, మంచు తగిలితే రంగు చెడుతుంది, బూజు పడుతుంది. కాయకు కప్పగా మిగిలిన చిరుగు పట్టాలు మనుషులకు వస్తాయి. పత్తిదీ అదే మర్యాద. కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే కొనరు కాబట్టి మంచు ఆరేదాకా పత్తి తీయరు. తీసేవాళ్లు మాత్రం ఆ మంచులోనే ఆటో ఎక్కి, చేను గట్టున చలిమంట దగ్గర ఎండ కోసం కూర్చుంటారు.

కూలీల ముఠాను మాట్లాడుకునేటప్పుడు మేస్త్రీ దగ్గర తేలేవి కొన్ని ఉన్నాయి: కూలి ఎంత, రానుపోను బండి ఎవరిది, నీళ్లూ కట్టెలూ ఎవరివి. ఆ మాటల్లోనే రగ్గులూ మంచి పట్టాలూ దోమతెరలూ చేర్చడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటా మిరపకు 11,781 రూపాయలు ప్రకటించింది. ఆ ధర లెక్కన కూడా నలభై కిలోల టిక్కీ, అంటే మిరప బస్తా, ఒక్కటి నాలుగు వేల ఏడు వందలు. పదిమంది ముఠాకు సంతలో దొరికే మామూలు రగ్గులు ఆ ఒక్క టిక్కీలోనే వచ్చేస్తాయి, పైగా రెండో ఏడూ పనికొస్తాయి.